జాంబెజి ఒడ్డున టోంగాలు, వాళ్ల భాష: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో టోంగా అని వెతికితే పసిఫిక్ మహాసముద్రంలోని దీవులు వస్తాయి, అక్కడి రగ్బీ ఆటగాళ్లు వస్తారు, 2022లో పేలిన అగ్నిపర్వతం వస్తుంది. ఆఫ్రికాలో జాంబెజి నదికి రెండు వైపులా తరతరాలుగా బతుకుతున్న టోంగాల గురించి మాత్రం మన భాషలో చదవడానికి దాదాపు ఏమీ దొరకదు. అందుకే ఈ పేజీ. మిత్రులు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఒకచోట పెట్టాను. కరీబా డ్యామ్ గురించిన జవాబు బాగా పొడుగైంది. దాన్ని కత్తిరించడానికి మనసొప్పలేదు.

వీళ్లూ, పసిఫిక్ టోంగా దీవులవాళ్లూ ఒకటేనా?

కాదు. పేరు కలిసిందంతే. దీవులవాళ్లది పాలినీషియన్ భాష, వీళ్లది బంటు భాష. రెండింటికీ చుట్టరికం లేదు.

చిక్కు అక్కడితో తీరదు. ఆఫ్రికాలోనే ఇదే పేరుతో ఇంకొన్ని భాషలున్నాయి. మలావీలో న్‌ఖాటా బే ప్రాంతంవాళ్లు మాట్లాడేదీ టోంగానే, కానీ అది వేరే భాష. మొజాంబిక్‌లో ఇన్యాంబానే దగ్గర గిటోంగా ఉంది. దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌లలో త్సోంగా ఉంది. కంప్యూటర్లలో ఈ భాషలను వేరు చేయడానికి మూడక్షరాల కోడ్‌లు వాడతారు: జాంబియా, జింబాబ్వేల టోంగాకు టీఓఐ, మలావీ టోంగాకు టీఓజీ, దీవుల టోంగాకు టీఓఎన్. అనువాదాల పని, భాషా డేటా పని చేసేవాళ్లు ఈ మూడింటినీ కలిపేయకుండా చూసుకోవాలి. ఒక భాష సామగ్రి ఇంకో భాష ఖాతాలో పడితే, అసలే తక్కువ రాత ఉన్న భాషకు ఆ నష్టం పెద్దది.

టోంగా అనాలా, బాటోంగా అనాలా, చిటోంగా అనాలా?

మూడూ సరైనవే, దేనికి అదే. ఒక మనిషి అయితే ముటోంగా. ఎక్కువమంది అయితే బాటోంగా. భాష చిటోంగా. వాళ్ల నేల బుటోంగా. మూలపదం ఒక్కటే, ముందు చేరే ముక్క మారితే అర్థం మారుతుంది. మనం తెలుగు, తెలుగువాడు, తెలుగునాడు అని చివర చేర్చుకుంటాం కదా, వాళ్లు ముందు చేర్చుకుంటారు. ఈ పేజీలో మనుషులకు టోంగాలు అని, భాషకు చిటోంగా అని రాస్తున్నాను.

ఎక్కడుంటారు?

ఎక్కువమంది జాంబియా దక్షిణ ప్రావిన్స్‌లో ఉంటారు. మజబూకా, మోన్జే, చోమా, కలోమో ఊళ్లు రైలు మార్గం వెంబడి పీఠభూమి మీద ఉంటాయి. ఈ ప్రాంతంవాళ్లను పీఠభూమి టోంగాలంటారు. అక్కడినుంచి తూర్పుకు, ఆగ్నేయానికి వెళ్తే కొండ అంచు దిగి గ్వెంబే లోయలోకి వస్తాం. చోమా దగ్గర నేల సముద్రమట్టానికి 1,300 మీటర్ల ఎత్తున ఉంటే, లోయలో కరీబా సరస్సు 500 మీటర్ల లోపే ఉంటుంది. ఎండ, తిండి, పంటలు, మాట తీరు అన్నీ ఆ దిగుడులోనే మారిపోతాయి. లోయవాళ్లను గ్వెంబే టోంగాలనీ, వే ప్రజలనీ అంటారు. సరస్సుకు అవతలి ఒడ్డు జింబాబ్వే. అక్కడ బింగా జిల్లా టోంగాలకు గుండెకాయలాంటిది. ఇక లివింగ్‌స్టన్ ఊరి చుట్టుపక్కల విక్టోరియా జలపాతం దగ్గరి టోకా, లేయా ప్రజలు కూడా ఈ భాషకు చాలా దగ్గరివాళ్లు.

జాంబియా 2010 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సుమారు 11 శాతం మంది తాము ఎక్కువగా మాట్లాడేది చిటోంగా అని చెప్పారు. బెంబా, న్యాంజాల తర్వాత మూడో స్థానం దానిదే.

చిటోంగా ఏ కుటుంబానికి చెందిన భాష?

బంటు కుటుంబం. అందులో బొటాట్వే అనే చిన్న గుంపు. టాట్వే అంటే వాళ్ల భాషలో మూడు. టోంగా, ఇలా, లెంజే అనే ముగ్గురు సోదర ప్రజలకు కలిపి పెట్టిన పేరది. ఒకరి మాట ఇంకొకరికి చాలావరకు అర్థమవుతుంది.

బంటు అంటే వాళ్ల భాషల్లో "మనుషులు" అని అర్థం. మన రామబంటుకీ ఈ బంటుకీ సంబంధం లేదు, ధ్వని కలిసిందంతే.

తెలుగువాళ్లకు ఈ భాష నేర్చుకోవడం కష్టమా?

కొన్ని విషయాల్లో ఇంగ్లిష్‌వాళ్లకన్నా మనకే తేలిక. నాకు ఈ భాష మీద మొదట ఇష్టం పుట్టింది కూడా ఇక్కడే.

మనది అజంత భాష. చిటోంగా కూడా అంతే, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ముంటు, మున్‌జి, న్యికా: మనిషి, ఊరు, నేల. పలుకుతుంటే నోటికి అడ్డం పడదు. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు పుట్టుకతో వచ్చింది. చిటోంగాలో కూడా అచ్చు పొడుగైతే మాట మారిపోతుంది, అందుకే రాతలో దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాస్తారు. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లు ఈ తేడాను చెవితో పట్టుకోవడానికి నెలలు కష్టపడతారు. మనకు ఆ బాధ లేదు.

మర్యాద సంగతి చూడండి. మనం ఒక్కరినే "మీరు" అంటాం, ఒక్కరి గురించే "వచ్చారు" అంటాం. వాళ్లదీ అదే పద్ధతి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు బహువచనం వాడతారు. ముటింటా అనే ఆవిడ వచ్చిందని గౌరవంగా చెప్పాలంటే "బా ముటింటా బబోలా" అంటారు. ఆ "బా" బహువచనపు గుర్తే, ఇక్కడ మన "గారు" చేసే పని చేస్తుంది. "ముటింటా గారు వచ్చారు" అని మనసులో అనుకుంటే వాక్యం దానంతట అదే కుదురుతుంది.

కష్టం రెండు చోట్ల ఉంది. ఒకటి, నామవాచకాల తరగతులు. మనకు మహత్తు, అమహత్తు అని రెండు మూడు విభాగాలుంటే సరిపోతుంది. వాళ్లకు డజనుకు పైగా ఉన్నాయి. ముందు ముక్క మారితే, ఆ మాటతో కలిసే విశేషణం, క్రియ అన్నీ దాని వెంట మారాలి. ముంటు ముబోటు అంటే మంచి మనిషి. బంటు బబోటు అంటే మంచి మనుషులు. చిసము చిబోటు అంటే మంచి చెట్టు. జిసము జిబోటు అంటే మంచి చెట్లు. మొదట్లో టెన్షన్ పెడుతుంది గానీ, బయటికి గట్టిగా చదివితే ప్రాస కుదిరిన పద్యంలా వినిపిస్తుంది. నియమం బట్టీ పట్టేకన్నా ఆ ప్రాసను చెవిలో నింపుకోవడం మేలు.

రెండోది స్వరస్థాయి. ఒకే అక్షరాలు పై స్థాయిలో, కింది స్థాయిలో పలికితే తేడా వస్తుంది. రాతలో దానికి గుర్తు పెట్టరు. దీనికి పుస్తకం పనికిరాదు, మనిషి కావాలి.

లిపి ఏది?

రోమన్ లిపి. సొంత లిపి లేదు. జాంబియాలో "చ"కు ఒక్క సి అక్షరం రాస్తారు, జింబాబ్వేలో సి, హెచ్ కలిపి రాస్తారు. అందువల్ల ఒకే మాట రెండు ఒడ్డుల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. బి అక్షరం ఒక్కటే ఉంటే పెదవులు పూర్తిగా మూయకుండా మెత్తగా, దాదాపు "వ"కు దగ్గరగా పలకాలి. రెండు ఉంటే మన "బ"లా గట్టిగా పలకాలి.

టోంగా పేర్లకు అర్థాలుంటాయా?

ఉంటాయి, చాలా బాగుంటాయి. లుయాండో అంటే ప్రేమ. ఇది "కుయాండా" అనే క్రియ నుంచి వచ్చింది. కావాలనుకోవడానికీ, ఇష్టపడటానికీ, ప్రేమించడానికీ ఆ ఒక్క క్రియనే వాడతారు. చోల్వే అంటే అదృష్టం. మిలిమో అంటే పనులు. మాపెన్జి అంటే కష్టాలు, ఇంట్లో ఇబ్బందులున్న సమయంలో పుట్టిన బిడ్డకు పెడతారు. వరసగా మగపిల్లలు పుట్టాక ఆడపిల్ల పుట్టినా, వరసగా ఆడపిల్లలు పుట్టాక మగపిల్లాడు పుట్టినా ఆ వరస మార్చిన బిడ్డ పేరు ముటింటా. మయింజా అంటే వానాకాలం. జాంబియా మొదటి ప్రధానమంత్రి పేరు మయింజా చోనా. ఆయన మోన్జే దగ్గరివాడు, చిటోంగాలో నవల కూడా రాశాడు.

ఇంటిపేర్లలో హ, సి అక్షరాలతో మొదలయ్యేవి చాలా కనిపిస్తాయి. "హ" ఎక్కువగా పీఠభూమి వైపు, "సి" ఎక్కువగా లోయ వైపు. "ము"తో మొదలయ్యే కొన్ని పేర్లు వంశాన్ని చెబుతాయి. బాలేయా వంశంలోని మనిషి ములేయా.

టోంగాలకు రాజులు లేరంటారు, నిజమేనా?

పెద్ద రాజ్యం, సింహాసనం, సైన్యం ఉన్న రాజులు లేరు. పడమటి పొరుగువాళ్లు లోజీలకు రాజు ఉన్నాడు, దక్షిణాన న్డెబెలేలకు రాజు ఉండేవాడు. టోంగాలు చిన్న చిన్న ఊళ్ల గుంపులుగా బతికారు. 19వ శతాబ్దంలో ఈ రెండు వైపుల నుంచీ పశువుల కోసం దాడులు జరిగాయి. పెద్ద రాజ్యం లేకపోవడం వల్ల వాళ్లు చాలా నష్టపోయారు. ఈరోజు కనిపించే చాలామంది చీఫ్‌లను బ్రిటిష్ ప్రభుత్వం తన పాలన కోసం గుర్తించి నిలబెట్టింది.

రాజు లేడంటే కట్టుబాటు లేదని కాదు. ఊళ్లను కలిపి ఉంచింది వాన. వాన కోసం మొక్కుకునే గుళ్లను మలెండే అంటారు. గుడి అంటే కట్టడం అనుకోవద్దు, ఒక పెద్ద చెట్టు కావచ్చు, ఒక పాత సమాధి కావచ్చు, ఒక చిన్న పాక కావచ్చు. ఒక మలెండే చుట్టూ ఉన్న ఊళ్లన్నీ విత్తే ముందు, కొత్త పంట తినే ముందు అక్కడ చేరాలి. ఆ రోజుల్లో గొడవలు పడకూడదు. ఈ వాన పెద్దల్లో అందరికన్నా పేరున్నవాడు మోన్జే. ఇక్కడ మోన్జే అంటే ఊరు కాదు, ఆ పెద్దకు తరతరాలుగా వచ్చే పేరు. 1855లో ఈ ప్రాంతం మీదుగా వెళ్లిన స్కాట్లండ్ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ అప్పటి మోన్జేను కలిశాడు. ఇప్పటికీ ఏటా జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో మోన్జే దగ్గరి గోండే అనే చోట లూయిండీ పండుగ జరుగుతుంది. పంట ఇచ్చినందుకు కృతజ్ఞత, మళ్లీ వాన కోసం ప్రార్థన. లేయాలు కూడా తమ చీఫ్ ముకుని ఊళ్లో లూయిండీ చేస్తారు.

తల్లి వైపు వంశమే లెక్కలోకి వస్తుందా?

అవును. వంశాన్ని ముకోవా అంటారు. బిడ్డ తల్లి ముకోవాకు చెందుతుంది. ఒకే ముకోవావాళ్లు పెళ్లి చేసుకోరు, మన గోత్రం లెక్కలాగే. అయితే మనకు గోత్రం తండ్రి నుంచి వస్తుంది, వాళ్లకు తల్లి నుంచి. పెళ్లిలో కట్నం మగపిల్లవాడి వైపు నుంచి వెళ్తుంది, అదీ ఎక్కువగా పశువుల రూపంలో. టోంగాలకు పశువులంటే ప్రాణం.

ఈ పద్ధతిలో మేనమామ చాలా ముఖ్యుడు. మగవాడు చనిపోతే ఆస్తి పాత ఆచారం ప్రకారం కొడుక్కి కాకుండా అక్కచెల్లెళ్ల కొడుకులకు వెళ్లేది. భర్త పోయిన ఆడవాళ్లు, పిల్లలు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 1989లో జాంబియా ప్రభుత్వం వీలునామా లేకుండా చనిపోయినవాళ్ల ఆస్తి పంపకానికి చట్టం తెచ్చింది: సగం పిల్లలకు, 20 శాతం భార్యకో భర్తకో, 20 శాతం తల్లిదండ్రులకు, 10 శాతం ఆధారపడ్డ ఇతరులకు. ఆచారం ఎంత పాతదైనా, వితంతువు పక్షాన ఆ చట్టం రావలసిందేనని నా అభిప్రాయం.

ఇంకో అందమైన సంగతి. కొన్ని వంశాల జంటల మధ్య పరాచికాల చుట్టరికం ఉంటుంది. మన బావామరదళ్లలాగా ఒకరినొకరు ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. చావు ఇంట్లో కూడా ఆ వంశంవాళ్లు వచ్చి నవ్విస్తారు, దుఃఖాన్ని తేలిక చేయడం వాళ్ల బాధ్యత. జాంబియాలో టోంగాలూ లోజీలూ జాతుల మధ్య కూడా ఇలాంటి "బావల" వరసే కలుపుకున్నారు. పాత దాడుల జ్ఞాపకాన్ని ఇప్పుడు హాస్యంగా మార్చుకున్నారు.

కరీబా డ్యామ్ కథ ఏమిటి?

జాంబెజికి టోంగాలు పెట్టుకున్న పేరు కసంబాబెజి. ఎరిగినవాళ్లే స్నానం చేయగలరు అని దాని అర్థం. మొసళ్లు ఎక్కడుంటాయో, లోతు ఎక్కడో తెలియాలి. లోయ టోంగాలకు అది తెలుసు. వాళ్ల బతుకంతా ఆ తెలివి మీదే నిలబడింది. వరద వచ్చి ఒండ్రు వేసి తీసేస్తే, ఆ తడి నేలలో ఎండాకాలంలోనూ పంట వేసేవాళ్లు. వానాకాలం పంట ఒకటి, నది ఇచ్చే పంట ఇంకొకటి. రెండు ఒడ్డుల మధ్య చెట్టు బోదెతో చెక్కిన దోనెలు తిరిగేవి. అక్క ఈ ఒడ్డున, చెల్లెలు ఆ ఒడ్డున. నది వాళ్లకు ఎల్లగా ఉండేది కాదు, ఊరి మధ్య వీధిలా ఉండేది.

1953లో బ్రిటిష్‌వాళ్లు ఉత్తర రొడీషియా (ఇప్పటి జాంబియా), దక్షిణ రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), న్యాసాలాండ్ (ఇప్పటి మలావీ)లను కలిపి ఒక ఫెడరేషన్ చేశారు. ఉత్తరాన రాగి గనులకు, దక్షిణాన ఫ్యాక్టరీలకు కరెంటు కావాలి. కరీబా అనే ఇరుకు దగ్గర నదికి అడ్డంగా 128 మీటర్ల ఎత్తున వంపు గోడ కట్టాలని నిర్ణయించారు. 1956లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. 1958 డిసెంబర్‌లో నదిని మూశారు. 1960 మే 17న ఇంగ్లండ్ రాణిగారి తల్లి వచ్చి ప్రారంభించింది.

ఆ నీళ్ల కింద 57,000 మంది ఊళ్లు పోయాయి. ఉత్తర ఒడ్డున సుమారు 34,000, దక్షిణ ఒడ్డున సుమారు 23,000. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న ఇళ్లలో ఈ మాట చెబితే వివరించాల్సిన పని ఉండదు. ముంపు, నిర్వాసితులు, పునరావాసం అనే మాటల వెనక ఏముంటుందో వాళ్లకు తెలుసు. ఇల్లు, పొలం మాత్రమే కాదు, పెద్దల సమాధులు మునిగాయి, వాన కోసం మొక్కే మలెండేలు మునిగాయి.

అందరూ మౌనంగా వెళ్లలేదు. ఉత్తర ఒడ్డున చీఫ్ చిపెపో మనుషులు కదిలేది లేదన్నారు. గవర్నర్ ఆర్థర్ బెన్సన్ స్వయంగా వచ్చి మాట్లాడినా వినలేదు. 1958 సెప్టెంబర్ 10న చిసోమో అనే ఊళ్లో, ఈటెలు పట్టుకుని నిలబడ్డ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎనిమిది మంది చనిపోయారు, 30 మందికి పైగా గాయపడ్డారు. ఆ తర్వాత లారీల్లో ఎక్కించి, డ్యామ్‌కు దిగువన సుమారు 160 కిలోమీటర్ల దూరంలో లుసిటు అనే చోట దించారు. అక్కడి నేల వేరు, ఆ ప్రాంతంలో ముందునుంచీ ఉన్నవాళ్లు వేరే భాష మాట్లాడేవాళ్లు.

దక్షిణ ఒడ్డువాళ్లను సరస్సుకు దూరంగా పొడి నేలల్లోకి తోశారు. నీళ్లు మీ వెంటే వస్తాయని అధికారులు చెప్పారని బింగా వైపు పెద్దలు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. ఆ నీళ్లు రాలేదు.

అదే సమయంలో మునిగిపోతున్న దీవుల మీద చిక్కుకున్న జంతువులను కాపాడడానికి ఆపరేషన్ నోవా అనే కార్యక్రమం జరిగింది. రూపర్ట్ ఫోదర్‌గిల్ నాయకత్వంలో 6,000కు పైగా జంతువులను ఒడ్డుకు చేర్చారు. మంచి పనే. ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. చిసోమోలో పోయిన ఎనిమిది మంది గురించి కూడా అంతగా రాసి ఉంటే ఈరోజు ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

సరస్సు నిండాక నది 40 కిలోమీటర్ల దాకా వెడల్పయింది. పట్టే నీటి పరిమాణంలో మనుషులు కట్టిన జలాశయాల్లో ప్రపంచంలోకెల్లా ఇదే పెద్దది. దోనె మీద దాటే వీలు లేదు. 1964లో ఉత్తర ఒడ్డు స్వతంత్ర జాంబియా అయింది, దక్షిణ ఒడ్డు రొడీషియాగా మిగిలింది. 1973లో సరిహద్దు మూసేశారు. ఒక కుటుంబంలో సగం ఒక దేశం, సగం ఇంకో దేశం. రెండు తరాల పాటు వాళ్లను కలిపి ఉంచింది ఒక్క భాషే.

న్యామిన్యామి అంటే ఎవరు?

జాంబెజి దేవుడు. పాము శరీరం, చేప తల. డ్యామ్ గోడ ఆయన్ను భార్య నుంచి విడదీసిందని, ఆ కోపంతోనే వరదలు వచ్చాయని చెబుతారు. 1957లో, 1958లో నిజంగానే ఎవరూ ఊహించనంత వరదలు వచ్చి నిర్మాణాన్ని దెబ్బతీశాయి. డ్యామ్ పనిలో 86 మంది చనిపోయారు. సరస్సు నిండిన 1963లో 6కి పైగా తీవ్రతతో భూకంపం కూడా వచ్చింది. అంత నీటి బరువు భూమి పొరల మీద పడటమే కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. న్యామిన్యామి చెక్కిన చేతికర్రలు, లాకెట్లు విక్టోరియా జలపాతం దగ్గర అమ్ముతారు. కొనుక్కుంటే ఆ బొమ్మ వెనక ఉన్న ఊళ్లను కూడా గుర్తు పెట్టుకోండి.

డ్యామ్ పక్కన ఉన్నందుకు వాళ్లకు కరెంటు, చేపలు దక్కాయా?

కరెంటు తీగలు వాళ్ల నెత్తి మీదుగా నగరాలకు, గనులకు వెళ్లాయి. రెండు ఒడ్డుల్లోనూ చాలా ఊళ్లు దశాబ్దాల పాటు చీకట్లోనే ఉన్నాయి. 2024లో ఎల్ నినో కరువు వచ్చి సరస్సు అడుగంటినప్పుడు జాంబియా మొత్తం గంటల తరబడి కరెంటు కోతలతో అల్లాడింది. జొన్న కూడా ఎండిపోయిన లోయలో ఆ ఏడు ఆకలి ముందు వచ్చింది.

చేపల కథ కొంచెం నయం. టాంగాన్యికా సరస్సులో ఉండే కపెంటా అనే చిన్న చేపను 1967, 1968లలో తెచ్చి కరీబాలో వదిలారు. అది బాగా పెరిగింది. రాత్రిపూట పడవల మీద దీపాలు వెలిగించి, వెలుతురుకు చేరిన చేపలను వలతో ఎత్తుతారు. ఎండబెట్టిన కపెంటా మన నెత్తళ్లలాగే ఉంటుంది, కూరలో రుచి కూడా దగ్గరే. అయితే పెద్ద పడవలు కొనే పెట్టుబడి చాలావరకు బయటివాళ్లదే. ఒడ్డునున్న టోంగాలకు ఎక్కువగా కూలి పని, చిన్న వల మిగిలాయి.

ఏం తింటారు?

రోజూ తినేది న్సిమా. మొక్కజొన్న పిండితో చేసే ముద్ద. రాయలసీమవాళ్లకు సంకటి అంటే చాలు. చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుంటారు. మొక్కజొన్న తర్వాత వచ్చింది, లోయలో పాత తిండి జొన్న, సజ్జ. పీఠభూమి మీద పశువులు ఎక్కువ కాబట్టి మబిసి అనే పులిసిన పాలు ఇంటింటా ఉంటాయి, మన పెరుగు తిన్న నాలుకకు వెంటనే నచ్చుతుంది. చిబ్వాంటు అనేది మొక్కజొన్నతో చేసే పుల్లటి పానీయం. లోయలో చింతచెట్లు విస్తారంగా ఉన్నాయి, చింతపండుతో జావ కాస్తారు. చింత పుట్టిల్లు ఆఫ్రికానే. మన పప్పుచారులోని పులుపు అక్కడి నుంచి వచ్చిందన్నమాట.

పాట, ఆట?

లోయ టోంగాల న్గోమా బుంటిబే వినకపోతే ఏదో పోగొట్టుకున్నట్టే. డోళ్లతోపాటు జింక కొమ్ములతో చేసిన బూరలు ఉంటాయి. ఒక్కో బూర ఒక్కటే స్వరం పలుకుతుంది. ఒక్కొక్కరు తమ వంతు వచ్చినప్పుడు ఊదాలి. అందరూ కలిస్తేనే పాట. ఒక్కరు లేకపోతే అక్కడ ఖాళీ వినిపిస్తుంది. ఎక్కువగా చావు సందర్భాల్లో ఊరంతా కదులుతూ వాయిస్తారు. వే ప్రజల బుడిమా నృత్యాన్ని 2020లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పీఠభూమి మీద కుయబిలా అనే పద్ధతి ఉంది, ఒక మనిషి అప్పటికప్పుడు మాటలు కట్టి తన బతుకు, తన పశువులు, తన బాధ పాడుకోవడం. మోన్జే దగ్గర చికుని అనే ఊళ్లో 1905లో జెస్యూట్ పాద్రీలు మిషన్ పెట్టారు. అక్కడి చికుని రేడియో చిటోంగాలో ప్రసారాలు చేస్తుంది, ఏటా టోంగా సంగీతోత్సవం కూడా జరుగుతుంది. చెవికి భాష పట్టాలంటే ఆ రేడియోను మించిన బడి లేదు.

బింగా ఆడవాళ్లు తాటి జాతి చెట్టు ఆకుతో అల్లే బుట్టలు కూడా చూడదగ్గవి. అడుగు చతురస్రంగా మొదలై అంచు గుండ్రంగా ముగుస్తుంది.

బడిలో చిటోంగా నేర్పుతారా?

జాంబియాలో ప్రభుత్వం గుర్తించిన ఏడు ప్రాంతీయ భాషల్లో ఇదొకటి. రేడియోలో వస్తుంది, బడిలో ఉంది. 2014 నుంచి మొదటి నాలుగు తరగతుల బోధన స్థానిక భాషల్లో జరగాలని నిర్ణయించారు.

జింబాబ్వే కథ వేరు. అక్కడ చాలాకాలం షోనా, న్డెబెలే భాషలదే పెత్తనం. బింగా పిల్లవాడు ఇంట్లో వినని భాషలో బడి చదువు చదవాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లు అక్కడి పెద్దలు, టీచర్లు అర్జీలు పెట్టారు, పాఠాలు రాసుకున్నారు, పట్టు వదలలేదు. 2013 రాజ్యాంగం 16 భాషలను అధికారికంగా గుర్తించింది, వాటిలో టోంగా ఉంది. ఊరిని కాపాడుకోలేకపోయినవాళ్లు భాషను కాపాడుకున్నారు. టోంగాల చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ విజయమే.

జాంబియా అధ్యక్షుడిగా ఎన్నికైన టోంగా ఎవరు?

హకైండే హిచిలేమా. మోన్జే జిల్లాలో 1962లో పుట్టాడు. అనేకసార్లు ఓడిపోయి, 2021 ఆగస్టులో గెలిచాడు.

ఈ ప్రజల గురించి ఇంత వివరంగా ఎలా తెలిసింది?

ఎలిజబెత్ కోల్సన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వల్ల చాలావరకు. ఆమె 1946లో మొదటిసారి పీఠభూమి టోంగాల మధ్యకు వచ్చింది. 1956లో, డ్యామ్ నీళ్లు రాకముందే, థేయర్ స్కడర్‌తో కలిసి గ్వెంబే లోయ ఊళ్లను నమోదు చేయడం మొదలుపెట్టింది. ఆ పరిశోధన ఆగకుండా దశాబ్దాలు నడిచింది. డ్యామ్ వల్ల ఊరు పోతే మనుషులకు ఏమవుతుందో ప్రపంచానికి లెక్కలతో సహా చూపించింది ఆ పనే. చివరికి కోల్సన్ మోన్జే దగ్గరే ఇల్లు కట్టుకుని ఉండిపోయింది, 2016లో 99 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూసింది.

టోంగా మనిషి ఎదురైతే ఏమని పలకరించాలి?

పొద్దున అయితే "మ్వాబుక బుటి?" అనండి. ఎలా నిద్ర లేచారు అని అడగడం. "ట్వాబుక కబోటు" అని జవాబు వస్తుంది, బాగా లేచాం అని. థ్యాంక్స్ చెప్పాలంటే "ట్వాలుంబా". అవును అంటే "ఈయి", కాదు అంటే "పేపే". పెద్దవాళ్లయితే మాటతోపాటు రెండు అరచేతులూ మెత్తగా తట్టండి, తల కొంచెం వంచండి.

మీరు వాళ్ల ఇంటికి వెళ్తే "మ్వాబోన్వా" అంటారు. రండి, స్వాగతం అన్న అర్థంలో వాడతారు గానీ, మాటకు మాట చూస్తే "మీరు కనబడ్డారు" అని. వచ్చిన పని వెంటనే చెప్పకండి. ముందు వాన ఎలా పడిందో, పశువులు ఎలా ఉన్నాయో, ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉన్నారో అడగండి. వాళ్లు మీ ఊరి వాన గురించి అడుగుతారు, అది కూడా చెప్పి, అప్పుడు కూర్చోండి.